తోమా గడిపిన ఎనిమిది దినములు: సందేహించే విశ్వాసి పట్ల సంఘ బాధ్యత

ఉపోద్ఘాతం

సందేహం గురించి మన ప్రసంగ పీఠాల మీద తరచుగానే మాట్లాడుతాము. అయితే మాట్లాడే తీరు దాదాపు ఎప్పుడూ ఒక్కటే. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోని సముద్రపు అలను చూపించి, సందేహించేవాడికి ప్రభువు నుండి ఏమీ దొరకదని హెచ్చరించి ముగిస్తాము. ఆ హెచ్చరిక వాక్యానుసారమే. కాని అది విన్న మనిషి మరుసటి ఆదివారం ఎక్కడున్నాడో మనం చూడము. సందేహం పాపమా కాదా అనే చర్చ అవసరమైనదే గాని, సందేహించే మనిషి సంఘం లోపల ఉన్నాడా, బయటకు వెళ్ళిపోయాడా అనేది కాపరికి అంతకంటె ముఖ్యమైన ప్రశ్న అని మా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే ముందుంచుకుంటున్నాము.

మేము పరిచర్య చేసే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. విజయవాడ రహదారి నగరంలోకి ప్రవేశించేది ఎల్.బి.నగర్ దగ్గరే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపుల నుండి వచ్చిన కుటుంబాలు ఇక్కడి కాలనీలలో స్థిరపడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వీధులు కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్ళకు పెట్టింది పేరు. తాతల కాలం నుండి విశ్వాసులైన ఇంటి పిల్లలు ఇక్కడ నలుగురుండే గదిలో మంచం తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతారు. ఊరి సంఘంలో ఎవరూ అడగని ప్రశ్నలు ఆ గదిలో ఎదురవుతాయి. ఆదివారం ఆరాధనకు వస్తారు, రెండు మూడు నెలలు క్రమంగా కనబడతారు, తరువాత కనబడరు. కోచింగ్ ముగిసి వెళ్ళిపోయాడేమో అనుకుని మనం ఊరుకుంటాము. కొందరి విషయంలో అది నిజమే. మరి కొందరు అదే వీధిలో ఇంకా ఉంటారు, మన దగ్గరకు మాత్రం రారు.

సందేహమూ అవిశ్వాసమూ

కొత్త నిబంధనలో సందేహానికి వాడిన గ్రీకు క్రియలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది 'దిస్తాజో'. ఇది కొత్త నిబంధన మొత్తంలో రెండుసార్లే, ఆ రెండూ మత్తయి సువార్తలోనే కనబడుతుంది. ఒకటి నీటిలో మునిగిపోతున్న పేతురును ప్రభువు పట్టుకున్నప్పుడు (14:31), రెండవది గలిలయ కొండ మీద శిష్యులు పునరుత్థానుడైన ప్రభువుకు మ్రొక్కినప్పుడు (28:17). 'రెండు' అనే భావం ఈ మాటలోనే ఇమిడి ఉంది. రెండు దారులు కలిసే చోట కాలు కదపలేక నిలబడిపోవడం అన్నమాట. కొండ మీద మ్రొక్కినవారే సందేహించారా, లేక వారిలో కొందరు మాత్రమేనా అని వ్యాఖ్యాతలు చర్చిస్తారు. ఎవరైనప్పటికీ, సమస్త జనులను శిష్యులనుగా చేయమనే ఆజ్ఞను ప్రభువు ఆ గుంపుకే ఇచ్చాడు. సందేహించినవారిని పక్కకు నిలబడమనలేదు.

రెండవ క్రియ 'దియాక్రినో'. యాకోబు 1:6లో ఉన్నది ఇదే. తనలో తాను రెండుగా చీలి తగవులాడుకోవడం అని దీని భావం. విచిత్రమేమంటే ఇదే క్రియ 1 కొరింథీయులకు 11:29లో ప్రభువు శరీరమును వివేచించుట అనే మంచి అర్థంలో వస్తుంది. యాకోబు దృష్టిలో ఉన్న మనిషి ఎవరో తెలియాలంటే 'ద్విమనస్కుడు' అనే మాటను గమనించాలి. కొత్త నిబంధనలో ఆ గ్రీకు పదం యాకోబు పత్రికలో మాత్రమే, రెండుసార్లు వస్తుంది. 1:8లో ఒకసారి, లోక స్నేహమును గద్దించే సందర్భంలో 4:8లో మరొకసారి. అంటే ఒక చేత్తో దేవుణ్ణి జ్ఞానం అడుగుతూ, రెండవ చేత్తో తనకు ముందే నచ్చిన దారిని పట్టుకుని ఉన్నవాడిని యాకోబు గద్దిస్తున్నాడు. బిడ్డను సమాధి చేసి వచ్చి దేవుడెక్కడ అని అడిగే తల్లి గురించి కాదు ఆ మాట. ఈ వచనాన్ని ఆ తల్లి మీద ప్రయోగించడం వాక్యాన్ని సరిగా విభజించడం కాదు.

మూడవ పదం 'అపిస్తియ', అవిశ్వాసం. సందేహం వేరు, అవిశ్వాసం వేరు అని గీత గీసి చెప్పడం మనకు అలవాటు. మేమూ చాలాకాలం అలాగే బోధించాము. కాని మార్కు 9:24లో దయ్యం పట్టిన కుమారుని తండ్రి తన స్థితికి వాడిన మాట సందేహం కాదు, అవిశ్వాసమే. నమ్ముతున్నానంటూనే ఆ మాట అన్నాడు. ప్రభువు అతని కుమారుణ్ణి స్వస్థపరిచాడు. కనుక పదాల మధ్య గీత మనం అనుకున్నంత చక్కగా నిలవదు. హెబ్రీయులకు 3:12లో అవిశ్వాసం జీవముగల దేవుని విడిచిపోయేది. మార్కు సువార్తలోని తండ్రి అవిశ్వాసం ప్రభువు ఎదుట నిలబడి సహాయం అడిగేది. మనిషి ముఖం ఎటు తిరిగి ఉందన్నది పదం కంటె ముఖ్యం. సందేహంలో ఉన్నవాడి ముఖం ఎటువైపు తిరగాలన్నది చాలావరకు అతని చుట్టూ ఉన్నవారి మీద ఆధారపడి ఉంటుంది.

మేము పొరబడిన సంగతి

2009లో ఖమ్మం జిల్లా నుండి గ్రూప్స్ పరీక్షల కోచింగ్‌కు వచ్చిన ఒక యువకుడు మా ఆరాధనకు వచ్చేవాడు. నోటు పుస్తకంలో ప్రశ్నలు రాసుకుని ఆరాధన తరువాత కూర్చునేవాడు. ఆదికాండము మొదటి అధ్యాయంలోని దినములు ఎంత కాలం? యూదా ఇస్కరియోతు మరణాన్ని మత్తయి ఒక విధంగా, అపొస్తలుల కార్యములు మరొక విధంగా ఎందుకు చెబుతున్నాయి? నాలుగు సువార్తలలో పునరుత్థాన ఉదయపు వివరాలు ఎందుకు కలవవు? మాకు ఎంతో సంతోషం కలిగింది. బి.డి. చదివిన రోజుల నోట్సు బయటకు తీశాము. నాలుగు నెలలు వారం వారం జవాబులు చెప్పాము. ఒక్కటి కూడా దాటవేయలేదని మాలో మేము తృప్తిపడ్డాము కూడా. తరువాత అతడు రావడం మానేశాడు.

పదేళ్ళకు, 2019లో, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషనులో అతడే మమ్మల్ని గుర్తుపట్టి పలకరించాడు. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది.

"ఆ ప్రశ్నలకు జవాబులు దొరికాయా నాయనా?" అని అడిగాము.

"మీరు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి అయ్యగారూ. కాని నాకు కావలసింది అది కాదండీ" అన్నాడు. అతని తండ్రికి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతున్న కాలంలో ఊరి సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. బ్రతుకుతాడని ఒకరు ప్రవచనం కూడా చెప్పారు. ఆయన చనిపోయాక, భూస్థాపన దగ్గర వాక్యం చెప్పిన వ్యక్తి ఆ ఇంట్లో విశ్వాసం కొరవడిందన్నాడు. "ఆ ఇంట్లో ఉన్నది నేను, అమ్మ, చెల్లెలండీ."

"మాకు ఆ రోజుల్లోనే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదండీ."

రైలు వచ్చింది, ఎక్కాడు. సృష్టి దినముల గురించి మేము చెప్పిన మాటలలో తప్పు లేదు. అడిగిన ప్రశ్న వెనుక ఉన్న ప్రశ్నను మేము వెదకలేదు. అప్పటి నుండి ఎవరైనా ఇటువంటి ప్రశ్న తెచ్చినప్పుడు జవాబు చెప్పకముందు, ఈ ప్రశ్న నీకు ఎప్పటి నుండి ఉంది అని అడుగుతున్నాము. చాలామంది ఒక సంవత్సరమో, ఒక నెలో చెబుతారు. ఆ నెలలో ఏదో జరిగి ఉంటుంది.

దీనిని సూత్రంగా మార్చుకోవద్దని కూడా మనవి. బుద్ధికి తోచిన ప్రశ్న ప్రతిదాని వెనుక ఒక గాయం ఉంటుందని అనుకోవడం ప్రశ్న అడిగినవాడిని అవమానించడమే. ఈ పత్రిక చదివే వేదాంత విద్యార్థులకు ఇది అనుభవమే. పంచకాండముల రచన గురించిన సిద్ధాంతాలు, యెషయా గ్రంథం 40వ అధ్యాయం నుండి వేరొక కాలపు ప్రవక్తదనే వాదన మొదటిసారి తరగతిలో విన్న రాత్రి నిద్రపట్టని విద్యార్థులు ప్రతి సంవత్సరం ఉంటారు. మేమూ అలాంటి రాత్రులు గడిపాము. సండే స్కూలు నుండి నేర్చుకున్నదంతా కూలిపోతున్నట్లు అనిపించింది. అటువంటి విద్యార్థికి ఓదార్పు చాలదు, మంచి పుస్తకం కావాలి, కూర్చుని చర్చించే ఉపాధ్యాయుడు కావాలి. ప్రార్థన చేసుకో, పోతుంది అని పంపివేస్తే ఆ ప్రశ్న పోదు. అతడితోపాటు సంఘానికి వస్తుంది, పదేళ్ళ తరువాత ప్రసంగ పీఠం మీద నిలబడుతుంది.

సిలోయము గోపురం, దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపు

2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో కొద్ది నిమిషాల వ్యవధిలో రెండు బాంబులు పేలాయి. సైకిళ్ళకు అమర్చిన బాంబులు అవి. ఒకటి బస్‌స్టాపు దగ్గర, రెండవది మిర్చి సెంటరు దగ్గర. మృతుల సంఖ్య చివరకు 18కి చేరింది. వంద మందికి పైగా గాయపడ్డారు. చదువుకోవడానికి నగరానికి వచ్చిన యువకులు మృతులలో ఉన్నారు. ఆ కేసులో ఐదుగురికి ఎన్.ఐ.ఏ. ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబరులో మరణశిక్ష విధించింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దానిని ఖరారు చేసింది. ఎవరు చేశారన్న ప్రశ్నకు న్యాయస్థానం జవాబు చెప్పగలదు. దేవుడు ఎందుకు ఆపలేదన్న ప్రశ్న న్యాయస్థానం పరిధిలోనిది కాదు, అది మన దగ్గరకు వచ్చింది.

ఆ ఆదివారం, ఫిబ్రవరి 24న, శ్రమల కాలపు ఆరాధనలో సాక్ష్యాలకు సమయమిచ్చాము. ఒక సహోదరి లేచి, ప్రతిరోజూ అదే స్టాపులో బస్సు ఎక్కే తనను ఆ రోజు ప్రభువు వేరే పని మీద నిలిపివేశాడని కన్నీళ్ళతో చెప్పింది. సంఘమంతా స్తోత్రం చెప్పింది. మేమూ చెప్పాము. ఆ సహోదరి కృతజ్ఞతలో దోషమేమీ లేదు. అయితే వెనుక వరుసలో ఒక కుటుంబం కూర్చుని ఉంది. వారి బంధువుల అబ్బాయి గాయాలతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆరాధన తరువాత ఆ ఇంటి తండ్రి మాతో ఒక్కటే మాట అన్నాడు: "అయ్యగారూ, ఆవిడను ఆపిన దేవుడు మా వాణ్ణి ఎందుకు ఆపలేదండీ?" మేము రోమీయులకు 8:28 చెప్పాము. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

చెప్పవలసిన వాక్యం లూకా 13వ అధ్యాయంలో ఉంది. పిలాతు చంపించిన గలిలయుల సంగతి కొందరు చెప్పినప్పుడు, ప్రభువు సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది సంగతి కూడా తానే ఎత్తాడు. (దిల్‌సుఖ్‌నగర్ మృతుల సంఖ్య కూడా అదే. సంఖ్యలు కలిసినంత మాత్రాన మర్మార్థాలు వెదకడం మా పద్ధతి కాదు. కాని ఆ వాక్యభాగం చదివిన ప్రతిసారీ ఆ బస్‌స్టాపు గుర్తుకు రాక మానదు.) చనిపోయినవారు యెరూషలేములో ఉన్న అందరికంటె ఎక్కువ అపరాధులన్న ఊహను ప్రభువు తోసిపుచ్చాడు. ఇక్కడ చాలామంది గమనించనిది మరొకటి ఉంది. గోపురం ఎందుకు కూలిందో ఆయన చెప్పలేదు. చెప్పగలిగినవాడు చెప్పలేదు. బ్రతికి ఉన్నవారితో మారుమనస్సు గురించి మాట్లాడి, మరొక సంవత్సరం గడువు దొరికిన అంజూరపు చెట్టు ఉపమానం చెప్పాడు. ప్రభువే చెప్పని కారణాన్ని భూస్థాపన దగ్గర చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు? తెలియదు అనే మాట కాపరి నోట వినడం వలన విశ్వాసులు పడిపోరు. తెలిసినట్లు చెప్పిన మాటల వలన పడిపోయినవారిని మేము చూశాము.

తప్పించబడినవారి సాక్ష్యాలు మా సంఘంలో ఇప్పటికీ చెప్పిస్తాము. కాని ప్రతి సాక్ష్యం తరువాత, ఆ విధమైన విడుదల పొందనివారి కొరకు పేర్లతో ప్రార్థన చేస్తాము. 2021లో కోవిడ్ రెండవ విడతలో ఇది మాకు ఎంతో అవసరమైంది. ఒకే వారంలో ఒక ఇంట్లో కోలుకున్నందుకు కృతజ్ఞత కూడిక, పక్క వీధిలో ఆదరణ కూడిక జరిపిన రోజులవి.

తోమాను ఎవరు ఉంచుకున్నారు?

తోమా గురించి యోహాను సువార్త 20వ అధ్యాయంలో మనం సాధారణంగా రెండు దృశ్యాలు చూస్తాము. గుర్తులు చూస్తేనే నమ్ముతానన్నది మొదటిది, ప్రభువు కనబడింది రెండవది. ఈ రెంటి మధ్య ఎనిమిది దినములు ఉన్నాయి. ఆ దినములలో జరిగింది యోహాను రెండు చిన్న వివరాలతో చెప్పాడు.

మొదటిది 25వ వచనంలోని క్రియ. ప్రభువును చూశామని శిష్యులు తోమాతో చెప్పారన్న చోట గ్రీకులో 'ఎలెగోన్' అనే అసంపూర్ణ భూతకాల రూపం ఉంది. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, చెబుతూ వచ్చారు అనే భావం దానిలో ఉంది. రెండవది 26వ వచనం. ఎనిమిది దినముల తరువాత శిష్యులు మరల లోపల ఉన్నప్పుడు తోమా వారితో కూడ ఉన్నాడు. మొదటిసారి లేనివాడు రెండవసారి ఉన్నాడు. తమ సాక్ష్యాన్ని ముఖాన కొట్టినట్లు తిరస్కరించినవాడిని ఆ పదిమంది బయటకు పంపలేదు. అతడూ వెళ్ళిపోలేదు. ప్రభువు అతనికి వీధిలో ఒంటరిగా కనబడలేదు, సహోదరుల మధ్య కనబడ్డాడు.

ఇంకొక సంగతి. ఆ రెండవసారి కూడా తలుపులు మూసే ఉన్నాయి. ప్రభువును కన్నులారా చూసి సంతోషించినవారు ఇంకా మూసిన తలుపుల వెనుకనే ఉన్నారు. వారి ముఖాల్లో, నడతలో తోమాకు ఏమంత మార్పు కనబడి ఉంటుంది? సందేహించేవాడిని తప్పుపట్టే ముందు, అతడు నమ్మదగినది మనలో ఏమి చూశాడో అడుక్కోవడం మంచిది.

ప్రభువు తోమాను గద్దించలేదని కాదు. అవిశ్వాసివి కావద్దన్నాడు. అయితే ముందుగా అతడు అడిగినదే అతని ముందుంచాడు. తోమా వేలు పెట్టి చూశాడని యోహాను చెప్పలేదు. 1600 ప్రాంతంలో కారవాజ్జో గీసిన చిత్రం వంటివి మన మనసులో ఆ దృశ్యాన్ని ముద్రించాయి. వాక్యంలో ఉన్నది అతని ఒప్పుకోలు మాత్రమే. యేసును ప్రభువుగా, దేవుడిగా అంత సూటిగా సంబోధించిన ఒప్పుకోలు సువార్తలలో మరొకటి లేదు. మన దేశానికి సువార్త తెచ్చినవాడని క్రైస్తవ సంప్రదాయం చెప్పేది కూడా ఈ తోమానే.

సేవకుని సందేహం

విశ్వాసుల సందేహం గురించి రాయడం సులభం. సేవకుని సందేహం గురించి మనం ఒకరితో ఒకరం కూడా మాట్లాడుకోము. 73వ కీర్తన రాసిన ఆసాపు మందిరంలో గాయకులకు నాయకుడు. దుష్టుల క్షేమం చూసి, తన పవిత్రత వ్యర్థమేమో అన్నంత దూరం వెళ్ళాడు. ఆ మాట బయటికి అంటే దేవుని పిల్లల తరమును మోసపుచ్చినట్లవుతుందని ఆగాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళి అక్కడ చెప్పుకున్నాడు. ప్రసంగ పీఠం మన సందేహాలను కుమ్మరించే చోటు కాదు, నిజమే. కాని ఎక్కడా చెప్పుకోకుండా దాచుకోమని ఆసాపు నేర్పలేదు. ప్రతి కాపరికి వేరే సంఘంలో ఒక తోటి కాపరి ఉండాలి, ఏమన్నా వినగలవాడు. నిద్ర, ఆహారం, ఆశ అన్నీ పోయినప్పుడు వైద్యుని దగ్గరకు కూడా వెళ్ళాలి. బదరీవృక్షం క్రింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగం వినిపించలేదు, రొట్టె పెట్టి నిద్రపోనిచ్చాడు.

మన తెలుగు సంఘ చరిత్ర చెప్పే తీరులో కూడా ఈ లోపం ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. దానికి ముందున్న కాలం ఎంతమందికి తెలుసు? శామ్యూల్ డే మన దేశానికి వచ్చినది 1836లో. నెల్లూరు మిషను ఏళ్ళ తరబడి ఫలం లేక ఉండగా, దానిని మూసివేయాలా అన్న ప్రశ్న అమెరికాలోని మిషను పెద్దల ముందుకు ఒకటి కంటె ఎక్కువసార్లు వచ్చింది. 1853లో ఆల్బనీ సభలోనూ అదే ప్రశ్న. ఆ మరుసటి జనవరి 1 ఉదయం, లైమన్ జూవెట్ దంపతులు మరి కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. తరువాత వచ్చిన జాన్ క్లౌ, 1876-78 కరవు రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడుగుతుంటే, తిండి కోసం వస్తున్నారేమోనని పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. డే వచ్చిన నాటి నుండి ఆ నదీతీరం వరకు నలభై రెండు సంవత్సరాలు. మనం చివరి రోజునే ప్రకటిస్తాము గనుక, ఇరవయ్యవ సంవత్సరంలో ఉన్న సేవకుడు తనలోనే ఏదో లోపముందనుకుంటాడు.

యూదా పత్రిక 22వ వచనం గురించి ఒక మాట. సందేహించేవారిని కనికరించమని మన బైబిలులో ఉంది. కొన్ని ప్రాచీన వ్రాతప్రతులలో కనికరించుడి అన్న చోట గద్దించుడి అనే అర్థమిచ్చే మాట ఉంది. గ్రీకులో ఆ రెండు క్రియలు చూడటానికి దగ్గరగా ఉంటాయి. వ్రాయసకారులకే ఈ రెంటి మధ్య సందిగ్ధం కలిగిందన్నమాట. కనికరమనే పాఠమే సరియైనదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మా అభిప్రాయమూ అదే.

కొన్నేళ్ళుగా కొత్తపేటలో ఒక విశ్వాసి ఇంట్లో గురువారం సాయంత్రం ఆరేడుగురం కూర్చుంటున్నాము. సందేహాల కొరకే ఆ కూడిక. అడిగిన సాయంత్రమే జవాబు చెప్పకూడదన్నది అక్కడి నియమం. వారం తరువాత, అడిగినవారు కోరితేనే చెబుతాము. మెట్రో స్టేషనులో కలిసిన యువకుడు ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. ఆదివారం ఆరాధనకు ఇంకా రావడం లేదు. మూడవసారి వచ్చినప్పుడు 88వ కీర్తన చదవమని అడిగాడు. హెబ్రీ మూలంలో ఆ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. మాలో ఒకరు వెంటనే వేరొక కీర్తన చదవబోతే ఆపాము. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత అతడు తన తండ్రి పేరు చెప్పి, ఆయన కోసం కాదు, అమ్మ కోసం ప్రార్థించమన్నాడు.